ఊరు ఖాళీ అవుతుంటే కట్టిన బడి

డెత్ వ్యాలీ ఎడారిలో పాత గని శిబిరాల దారి పట్టిన జీపు మన తరగతి గదికి ఏం మోసుకొస్తుంది?

అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో, డెత్ వ్యాలీ ఎడారి అంచున రయొలైట్ అనే ఊరు ఉండేది. ఇప్పుడు అక్కడ కాపురం ఉండేవాళ్లు లేరు. కప్పు ఎగిరిపోయిన రెండంతస్తుల కాంక్రీటు గోడలు మాత్రం ఒకచోట నిలబడి ఉంటాయి. కిటికీలు ఉండాల్సిన చోట ఖాళీలు, వాటిలోంచి చూస్తే అవతలి బోడి కొండలు. అది ఆ ఊరి బడి. సుమారు 250 మంది పిల్లలు కూర్చునేలా, 20 వేల డాలర్లు పోసి కట్టారు. 1909లో అది సిద్ధమయ్యేసరికి ఊళ్లో జనం మూటాముల్లె సర్దుకుంటున్నారు.

ఖనిజ వనరుల పాఠం చెప్పేటప్పుడు పిల్లలు తరచూ ఒక ప్రశ్న అడుగుతారు. ‘గనిలో సరుకు అయిపోతే ఆ ఊరేమవుతుంది టీచర్?’ పాఠ్యపుస్తకంలో గని ఎక్కడుంది, ఏం దొరుకుతుంది అన్నంతవరకే ఉంటుంది. తర్వాతి సంగతి ఉండదు. ఆ తర్వాతి సంగతిని కళ్లకు కట్టే చోటు డెత్ వ్యాలీ. ఎత్తైన జీపులో నాలుగైదు రోజులు తిరిగితే డజను పాత గని శిబిరాలు చూడొచ్చు. అంత దూరం మేము వెళ్లలేదు, వెళ్లే స్తోమత మన బడుల్లో ఎవరికీ లేదు. పటం పరిచి, బల్ల మీద వేలు పెట్టి ఆ దారిన నడిచాం. అలా నడిచినప్పుడు తెలిసిన విషయాలివి.

ఎడారిలో గనులెందుకు?

డెత్ వ్యాలీ కాలిఫోర్నియా, నెవాడా సరిహద్దులో ఉంది. లోయలో అతి పల్లపు చోటు బ్యాడ్‌వాటర్ సముద్రమట్టానికి 86 మీటర్లు దిగువన ఉంటుంది. 1913 జూలై 10న ఇక్కడి ఫర్నెస్ క్రీక్‌లో 56.7 డిగ్రీల సెల్సియస్ నమోదైంది. భూమ్మీద గాలి ఉష్ణోగ్రతకు ఇప్పటికీ అదే అధికారిక రికార్డు. ఏడాది మొత్తానికి పడే వాన ఆరు సెంటీమీటర్లకు అటూ ఇటూ. 1849లో కాలిఫోర్నియా బంగారం కోసం బయల్దేరిన కొన్ని కుటుంబాలు దారితప్పి ఈ లోయలో చిక్కుకున్నాయి. ఆ పేరు అప్పుడే పడింది.

ఇక్కడ భూమి పొర సాగి, విరిగి, కొన్ని ముక్కలు పైకి లేచి కొండలయ్యాయి, కొన్ని దిగి లోయలయ్యాయి. ఆ పగుళ్లలోంచి వేడి నీరు పైకొస్తూ బంగారం, వెండి, సీసం, రాగి వంటి లోహాలను సందుల్లో వదిలింది. పైన చెట్టూ మట్టీ లేకపోవడంతో రాతి రంగు మారితే దూరం నుంచే కనబడేది. గాడిద మీద సామాను వేసుకుని తిరిగే అన్వేషకులకు అదే ఆనవాలు. ఒకడికి రంగురాయి దొరికిందంటే వారంలో గుడారాలు, నెలలో వీధులు, ఏడాదిలో బ్యాంకు. అయితే సందుల్లోని సరుకు పైపైనే ఉండేది. కొన్నేళ్లకే అడుగంటేది.

దారి ఉంది, దారి తప్పకూడదు

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక సైన్యం వదిలించుకున్న జీపులు అమెరికాలో చవగ్గా దొరికాయి. నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే బండి మామూలు మనిషి చేతికి వచ్చింది. అప్పటిదాకా గాడిదలకూ, గని లారీలకూ మాత్రమే తెలిసిన దారుల్లోకి సెలవురోజు కుటుంబాలు బయల్దేరాయి. పాత గని శిబిరాలు చూడటం అలా ఒక సరదాగా మొదలై పెద్ద వ్యాపకమైంది.

ఇక్కడ పిల్లలకు ముందే చెప్పాల్సిన మాట ఒకటుంది. సినిమాల్లో, ప్రకటనల్లో బండి ఇసుక చిమ్ముకుంటూ ఎటుపడితే అటు దూసుకుపోతుంది. డెత్ వ్యాలీ 1933లో రక్షిత ప్రాంతం, 1994లో జాతీయ పార్కు అయింది. అందులో మట్టిదారి ఎంత గతుకులదైనా వెళ్లొచ్చు కానీ, దారి దిగి పక్కకు బండి నడపడం చట్టరీత్యా నేరం. కారణం ఎడారి మట్టే. దాని పైపొరలో కంటికి కనబడని జీవులు ఇసుక రేణువులను అతికించి పట్టుకుంటాయి. ఒక్కసారి చక్రం తొక్కితే ఆ పొర కోలుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. 1942లో జనరల్ ప్యాటన్ సైనిక శిక్షణ కోసం దక్షిణాన మొహావీ ఎడారిలో నడిపించిన ట్యాంకుల జాడలు నేటికీ కనబడుతున్నాయి. మన పొలంలో ట్రాక్టరు చాలు ఒక వానకు పోతుంది. వాన రాని నేల దేన్నీ చెరుపుకోదు.

బండి విషయానికొస్తే, అడుగుభాగం నేలకు బాగా ఎత్తులో ఉండాలి. టైర్ల పక్కగోడలు మందంగా ఉండాలి, ఎందుకంటే ఇక్కడి రాళ్లు కత్తుల్లాంటివి. పూర్తి సైజు స్టెప్నీ, వీలైతే రెండు, జాకీ, పార, గాలి పంపు తప్పనిసరి. ఇసుకలో, రాళ్లలో టైర్లలోని గాలి కొంత తీసేస్తారు. అప్పుడు టైరు చదునై నేలను ఎక్కువ మేర పట్టుకుంటుంది. తారురోడ్డు ఎక్కాక మళ్లీ గాలి నింపుతారు. పీడనం అంటే బలాన్ని వైశాల్యంతో భాగించడమని ఎనిమిదో తరగతిలో చెబుతాం కదా, దానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

పుట్టి, పెరిగి, పోయిన రయొలైట్

ప్రయాణం సాధారణంగా బీటీ అనే చిన్న పట్టణం నుంచి మొదలవుతుంది. అక్కడికి ఆరేడు కిలోమీటర్ల దూరంలో రయొలైట్. ఇంతవరకు తారురోడ్డే, మామూలు కారు చాలు.

1904 ఆగస్టులో షార్టీ హ్యారిస్, ఎడ్ క్రాస్ అనే ఇద్దరు అన్వేషకులకు ఈ కొండల్లో బంగారపు రాయి దొరికింది. షార్టీ తన వాటాను చవగ్గా అమ్మేసుకున్నాడు. రాయి దొరికినవాడికి మిగిలింది పేరు. 1905లో ఊరు వెలిసింది. 1906లో ఉక్కు వ్యాపారి చార్లెస్ ష్వాబ్ ఇక్కడి పెద్ద గని మాంట్‌గొమరీ షొషోనీని కొన్నాడు. ఆ తర్వాత ఊరికి పట్టపగ్గాల్లేవు. కరెంటు దీపాలు, నీటి గొట్టాలు, టెలిఫోన్లు, పత్రికలు, ఆసుపత్రి, స్టాక్ ఎక్స్‌ఛేంజి, నాటకశాల, ఈతకొలను అన్నీ వచ్చాయి. మూడు రైల్వే కంపెనీలు పోటీపడి పట్టాలు వేశాయి. 1907-08 నాటికి జనాభా నాలుగైదు వేలు ఉంటుందని అంచనా. కుక్ బ్యాంకు వాళ్లు 90 వేల డాలర్లతో మూడంతస్తుల భవనం కట్టి, ఇటలీ పాలరాతితో మెట్లు వేయించారు. కలప దొరకని టామ్ కెల్లీ అనే ఆయన మాత్రం సారా దుకాణాల ఖాళీ సీసాలు దాదాపు 50 వేలు ఏరి, వాటిని మట్టిలో పేర్చి ఇల్లు కట్టేశాడు. పాలరాతి బ్యాంకు నేడు మొండిగోడలు. సీసాల ఇల్లు, మధ్యలో మరమ్మతులు జరిగి, ఇంకా నిలబడే ఉంది.

పతనానికి కారణాలు మూడు. 1906 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోను భూకంపం కూల్చింది. పెట్టుబడుల డబ్బు చాలావరకు ఆ నగరానిదే. 1907లో అమెరికా బ్యాంకులు కుదేలయ్యాయి. 1908లో గని విలువ మీద అనుమానం వచ్చిన వాటాదారులు స్వతంత్ర నిపుణుడితో లెక్క తీయిస్తే, చెప్పినంత సరుకు అందులో లేదని తేలింది. షేర్లు పడిపోయాయి. 1910 జనాభా లెక్కల నాటికి ఊళ్లో మిగిలింది 675 మంది. 1911లో గని మూతపడింది. 1913లో తపాలా కార్యాలయం మూసేశారు, 1914లో చివరి రైలు వెళ్లిపోయింది, 1916లో కరెంటు తీగలు పీకేశారు. 1920 నాటికి ఊరు దాదాపు సున్నా.

మరి బడి? ఊరి పెద్దలు తెలివితక్కువవాళ్లేమీ కాదు. 1907లో ఆ వీధుల్లో పిల్లల సంఖ్య చూసినవాళ్లు ఎవరైనా పెద్ద బడే కడతారు. వాళ్లు లెక్కపెట్టింది పిల్లల్ని. వాళ్ల నాన్నలు చేసే పని ఎన్నాళ్లు ఉంటుందో లెక్కపెట్టలేదు.

నెలల వయసున్న లెడ్‌ఫీల్డ్

రయొలైట్‌కు దగ్గర్లోనే టైటస్ క్యానియన్ దారి మొదలవుతుంది. సుమారు 43 కిలోమీటర్ల మట్టిదారి, ఎక్కువ భాగం ఒకవైపు ప్రయాణానికే. దాదాపు 1,600 మీటర్ల ఎత్తున్న రెడ్ పాస్ ఎక్కి, మలుపు మీద మలుపుగా దిగి, చివర రెండు రాతిగోడల మధ్య సన్నని సందులోంచి లోయలోకి బయటపడుతుంది. వరదొస్తే తప్పించుకునే చోటుండదు. 2023 ఆగస్టులో వచ్చిన తుపాను వానలకు ఈ దారి కొట్టుకుపోయి చాలాకాలం మూసే ఉంచారు. అందుకే ఎవరు వెళ్లినా ముందు పార్కు కార్యాలయంలో ఏ దారులు తెరిచి ఉన్నాయో అడిగి తెలుసుకోవాలి.

ఈ దారి మధ్యలో రేకు షెడ్లు రెండుమూడు కనబడతాయి. అదే లెడ్‌ఫీల్డ్. పేరులోనే సీసం ఉంది. 1926లో సి.సి. జూలియన్ అనే షేర్ల వ్యాపారి ఇక్కడి సీసం గనుల గురించి లాస్ ఏంజెలెస్ పత్రికల్లో ప్రకటనలు గుప్పించాడు. ఆ ఏడాది మార్చిలో ప్రత్యేక రైలు వేసి జనాన్ని రప్పించి, ఎడారిలో విందు పెట్టి షేర్లు అమ్మాడు. రైలు దిగినవాళ్లకు కొత్త రోడ్డు, కొత్త గుడారాలు, తవ్వుతున్న సొరంగాలు కనిపించాయి. కంటికి కనిపించాక నమ్మకుండా ఎవరుంటారు? ఆగస్టులో తపాలా కార్యాలయం తెరిచారు. 1927 మొదట్లోనే మూసేశారు. ముడిరాయిలో సీసం లాభం వచ్చేంత లేదు.

గట్టి బంగారం ఉన్న రయొలైట్ పదేళ్లు కూడా నిలవలేదు. కాగితం మీది సీసంతో లెడ్‌ఫీల్డ్ ఏడాది కూడా దాటలేదు. ఈ రెండూ పక్కపక్కన చూసిన పిల్లవాడికి షేర్ల మోసం గురించి వేరే పాఠం అక్కర్లేదు. మన ఇళ్లలోనూ గొలుసుకట్టు స్కీముల్లో డబ్బు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. వాళ్లను కూడా ముందు ఒక హాలుకు పిలిచి భోజనమే పెట్టి ఉంటారు.

నీళ్లు ఎవరు తెచ్చారు?

టైటస్ దారి లోయలో కలిశాక ప్రతి శిబిరం దగ్గరా ఒకే ప్రశ్న వేసుకోవాలి: ఇక్కడ మనుషులు ఏం తాగారు? బంగారం రాయిలోంచి రావాలంటే రాయిని పొడి చేయాలి, పొడిని కడగాలి. దానికి మనుషులు తాగే నీళ్లకు ఎన్నో రెట్లు కావాలి.

ఎమిగ్రెంట్ క్యానియన్ వైపు కొండ మీద 1906లో పుట్టిన స్కిడూ శిబిరం వాళ్లు టెలిస్కోప్ శిఖరం ఊటల నుంచి ముప్పై కిలోమీటర్లకు పైగా ఇనుప గొట్టం వేసి నీళ్లు తెచ్చుకున్నారు. కొండ వాలులో కట్టిన వాళ్ల మిల్లు నేటికీ ఉంది. పైన ముడిరాయి పోస్తే, మెట్టు మెట్టుగా కిందకు జారుతూ, దంచబడుతూ, కడగబడుతూ అడుగుకు చేరేది. ఎత్తు నుంచి పడే నీటి ఒత్తిడే దానికి కరెంటు. 1917లో గని ఆగిపోయింది. గొట్టాన్ని పీకి పాత ఇనుముకు అమ్మేశారు. గొట్టం నడిచిన గీత మాత్రం కొండల మీద ఇంకా కనబడుతుంది.

నీళ్ల గొట్టం లేని కథ గ్రీన్‌వాటర్‌ది. పేరులోనే నీరు, ఊళ్లో నీరు లేదు. 1905లో రాగి అని మొదలై, పీపా నీళ్లు 15 డాలర్లకు కొనుక్కుంటూ, 1908కల్లా ముగిసింది. ష్వాబ్ ఇక్కడా డబ్బు పెట్టాడు. ఇప్పుడక్కడ చెప్పుకోదగ్గ గోడ ఒక్కటీ లేదు. తుప్పు పట్టిన డబ్బాలు, గాజు పెంకులు, ఇళ్ల పునాదుల గుంటలు మాత్రమే.

లోయ అంచున ఉన్న కీన్ వండర్ గని ఇంకో రకం తెలివి చూపిస్తుంది. గని కొండ పైన, మిల్లు కింద. మధ్యలో సుమారు కిలోమీటరున్నర తీగదారి. ముడిరాయి నిండిన తొట్టి బరువుకు కిందకు దిగుతుంటే, అదే తీగకు కట్టిన ఖాళీ తొట్టి పైకి వెళ్తుంది. మన బావిలో రెండు చేదలు కట్టిన గిలక లాంటిదే. స్తంభాలు, సొరంగాలు ప్రమాదకరంగా తయారవడంతో 2008లో ఈ చోటును మూసేసి, బాగుచేశాక 2017లో మళ్లీ తెరిచారు.

పేర్లు లేని కూలీలు

గని శిబిరాల కథల్లో బంగారం కనిపెట్టినవాడి పేరు, కొన్నవాడి పేరు ఉంటాయి. రాయి మోసినవాడి పేరు ఉండదు. ఫర్నెస్ క్రీక్ దగ్గర హార్మొనీ బోరాక్స్ వర్క్స్ మట్టిగోడల ముందు నిలబడితే ఈ మాట గుర్తుకొస్తుంది. 1883 నుంచి 1888 వరకు ఇక్కడ బోరాక్స్ అనే ఉప్పు తీశారు. ఇరవై జంతువుల బండ్ల బొమ్మ అమెరికాలో ప్రతి ఇంటికీ తెలుసు. ఆ బండ్లు 265 కిలోమీటర్ల దూరంలోని మొహావీ రైలు స్టేషనుకు పది రోజులు నడిచేవి. ఉప్పు బయల నుంచి ఆ బోరాక్స్‌ను గీకి ఎత్తి పోసింది మాత్రం చైనా నుంచి వచ్చిన కూలీలు. బండ్లకు బొమ్మలున్నాయి, వాళ్లకు పేర్లు కూడా లేవు.

వీళ్లందరికంటే ముందు నుంచీ ఇక్కడ ఉన్నవాళ్లు టింబిషా షొషోనీ ఆదివాసులు. గనులొచ్చాక ఊటలు వాళ్ల చేజారాయి. పార్కు వచ్చాక ఉండేచోటు కోసం కూడా పోరాడాల్సి వచ్చింది. 2000 సంవత్సరంలో అమెరికా చట్టసభ వాళ్ల స్వస్థలాన్ని గుర్తిస్తూ చట్టం చేసింది. నేటికీ ఫర్నెస్ క్రీక్‌లో వాళ్ల ఊరు ఉంది. నిర్మానుష్యమని మనం అనుకునే ఎడారిలో నిజంగా స్థిరపడిన ఊరు వాళ్లది ఒక్కటే.

జీపు ఆగిపోయే చోటు

పడమటి కొండలు దాటితే పానమింట్ లోయ. అక్కడ బల్లారాట్ అనే పాత శిబిరం ఉంది. ఆస్ట్రేలియాలో బంగారానికి పేరుపడ్డ ఊరి పేరే దీనికీ పెట్టుకున్నారు. అక్కడి నుంచి సర్‌ప్రైజ్ క్యానియన్‌లోకి వెళ్తే పానమింట్ సిటీ. 1873లో ఇక్కడ వెండి దొరికింది. దొంగల భయం ఎంత ఉండేదంటే, వెండిని రెండు వందల కిలోల వరకు తూగే ముద్దలుగా పోతపోసి పంపేవారు. గుర్రం మీద వచ్చిన దొంగ అంత బరువు ఎత్తుకుపోలేడు. దొంగల్ని జయించిన ఊరు 1876లో ఆకస్మిక వరదకు ఓడిపోయింది.

ఈ క్యానియన్‌లో ఒకప్పుడు జీపులు వెళ్లేవి. 1984 వరదలో దారి మొత్తం కొట్టుకుపోయింది. ఇప్పుడు నడిచి వెళ్లాల్సిందే, అదీ రోజంతా ఎక్కాలి. పైన ఇటుకల పొగగొట్టం ఒక్కటి ఒంటరిగా నిలబడి ఉంటుంది. ఎంత ఖరీదైన బండి అయినా ఒక చోట ఆగుతుందని చెప్పడానికన్నట్టు.

ప్రాణాల మీదికి తెచ్చుకోవద్దు

1996 జూలైలో జర్మనీ నుంచి వచ్చిన నలుగురు, ఇద్దరు పెద్దలూ ఇద్దరు పిల్లలూ, అద్దె వ్యానులో ఈ లోయ దక్షిణ కొండల్లోని దారి పట్టారు. అది ఆ దారికి తగిన బండి కాదు. టైర్లు పోయి వ్యాను ఇసుకలో ఆగిపోయింది. అక్టోబరులో వ్యాను దొరికింది. పెద్దవాళ్ల అవశేషాలు దొరికింది 2009లో. పటంలో గీత ఉంటే అది దారి అనుకోవడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి తెలుస్తుంది. ఫోన్‌లోని పటానికి కొండ ఎత్తు తెలియదు, మీ బండి ఎత్తు అసలే తెలియదు.

మన బంధువులు, పూర్వ విద్యార్థులు చాలామంది కాలిఫోర్నియాలో ఉద్యోగాల్లో ఉన్నారు. శీతాకాలం సెలవుల్లో డెత్ వ్యాలీకి వెళ్లే తెలుగు కుటుంబాలు తక్కువేమీ కాదు. మన ఊళ్ల నుంచి మనవళ్లను చూడటానికి వెళ్లే తాతలు, అమ్మమ్మలు కూడా వాళ్లతో బండెక్కుతారు. వాళ్లకు చెప్పాల్సిన నాలుగు మాటలు ఇవి. నవంబరు నుంచి మార్చి వరకే ఈ దారులు. మనిషికి రోజుకు నాలుగు లీటర్లకు తగ్గకుండా నీళ్లు, అదనంగా ఇంకొన్ని. లోయలో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు కాబట్టి ఏ దారిన వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగొస్తారో ఇంట్లో ఒకరికి రాసిచ్చి వెళ్లాలి. బండి చెడితే దాన్ని వదిలి నడవకూడదు. బండి నీడనిస్తుంది, వెతికేవాళ్లకు మనిషికంటే బండి త్వరగా కనబడుతుంది. అద్దె బండి అయితే మట్టిదారికి అనుమతి ఉందో లేదో ఒప్పందంలో చదువుకోవాలి. చాలా కంపెనీలు ఒప్పుకోవు.

సొరంగాల్లోకి మాత్రం అడుగుపెట్టనే కూడదు. నూరేళ్ల నాటి కర్రదూలాలు చేత్తో తోస్తే పొడి అవుతాయి. చీకట్లో నేల మీద గుంట అనుకున్నది వంద అడుగుల షాఫ్ట్ కావచ్చు. లోపల ఆక్సిజన్ లేని గాలికి వాసన ఉండదు. మరిచిపోయిన పేలుడు మందు ఉండొచ్చు. కొన్ని సొరంగాల మూతికి ఇనుప కమ్మీలు అడ్డంగా బిగించి ఉంటారు. మనుషులు దూరకుండా, లోపల కాపురముండే గబ్బిలాలు మాత్రం వచ్చిపోయేలా ఆ కమ్మీల మధ్య ఎడం లెక్కవేసి పెడతారు.

డబ్బా కూడా సాక్ష్యమే

గని శిబిరంలో నేల మీద పడి ఉండే తుప్పు డబ్బా చెత్తలాగే కనబడుతుంది. పురావస్తు శాస్త్రవేత్తకు అది పుస్తకం. మూత అతికించిన తీరును బట్టి ఏ కాలం నాటిదో చెబుతారు. సీసా రంగు, అడుగున గుర్తు చూసి ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతారు. పాలడబ్బాలు ఎక్కువగా ఉన్న చోట పిల్లలున్న ఇల్లు ఉండొచ్చని ఊహిస్తారు. అయితే డబ్బా పడిన చోటే ఉంటేనే ఈ చదువంతా. తీసి అల్మరాలో పెట్టుకున్న మరుక్షణం అది మూగదవుతుంది. అందుకే పార్కులో ఒక మేకు తీసినా నేరమే. ఫొటో తీసుకోవచ్చు, కొలత రాసుకోవచ్చు, బొమ్మ గీసుకోవచ్చు.

మన గని, మన మనుషులు

ఈ కథ చదువుతున్న కోలారు జిల్లా తల్లిదండ్రులకు ఇంతసేపూ ఒక పేరు నాలుక చివర ఆడుతూనే ఉండి ఉంటుంది. కోలారు గోల్డ్ ఫీల్డ్స్. 1880లలో జాన్ టేలర్ కంపెనీ చేతికి వచ్చి, 1902లోనే శివనసముద్రం నుంచి కరెంటు తెప్పించుకుని, మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగిన గనులు అవి. చిత్తూరు వైపు నుంచి తెలుగువాళ్లు, ఉత్తర ఆర్కాటు నుంచి తమిళులు వచ్చి లైన్లలో కాపురాలు పెట్టారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. షాఫ్టుల మీది ఇనుప చట్రాలు, సైనైడ్ దిబ్బలు, గాలికి లేచే ఆ దుమ్ము ఇంకా ఉన్నాయి.

రయొలైట్‌కూ కేజీఎఫ్‌కూ తేడా ఒక్కటే, అది చాలా పెద్దది. కేజీఎఫ్ ఖాళీ కాలేదు. గని పోయినా మనుషులు ఉండిపోయారు. తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరు వెళ్లి పనిచేసి, రాత్రికి తిరిగొచ్చేవాళ్లు వేలమంది. అది సుఖమైన బతుకని మేము అనం. రోజుకు నాలుగైదు గంటలు రైల్లో గడిపే నాన్న పిల్లవాడి హోంవర్కు చూడలేడు. కానీ రయొలైట్‌లో మూడేళ్ల కాపురం, కేజీఎఫ్‌లో మూడు నాలుగు తరాల కాపురం. సమాధులు, గుళ్లు, చర్చీలు, పెళ్లి సంబంధాలు, భాషలు అన్నీ అక్కడే వేళ్లు దిగాయి. జీతం కోసం వచ్చినవాళ్లు జీతంతో పాటే వెళ్లిపోతారు. ఊరు తమదనుకున్నవాళ్లు ఉండిపోయి వేరే జీతం వెతుక్కుంటారు.

ముంబయిలో 1982 సమ్మె తర్వాత మిల్లులు మూతపడినప్పుడు అక్కడి తెలుగు కుటుంబాలకూ, సోలాపూర్‌లో మగ్గాల చప్పుడు తగ్గినప్పుడు అక్కడి పద్మశాలీలకూ ఇదే పరీక్ష ఎదురైంది. ఒడిశాలో గోపాల్‌పూర్ పాత రేవు నుంచి ఓడలు ఆగిపోయినప్పుడూ ఇదే. పని పోయిన ప్రతిచోటా బడి హాజరు పట్టీలో ముందుగా తెలుస్తుంది. టీచర్లకు ఇది కొత్త కాదు. సెలవుల తర్వాత ఒక పేరు పిలిస్తే జవాబు రాదు. పక్క బెంచీవాడు ‘వాళ్లు ఊరెళ్లిపోయారు టీచర్’ అంటాడు. ఆ పేరు మీద గీత కొట్టేటప్పుడు రయొలైట్ టీచర్ చేయి ఎలా ఉండి ఉంటుందో మాకు తెలుసు.

రయొలైట్ బడి గురించి చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. ఊరు ఖాళీ అయ్యాక అక్కడి కట్టడాల సామాను చుట్టుపక్కల ఊళ్లకు తరలిపోయింది. గని కార్మికుల సంఘం హాలు బీటీకి వెళ్లి ఆ ఊరి టౌన్‌హాలు అయింది. చాలా భవనాల నుంచి తీసిన సరుకుతో బీటీలో బడి కట్టారు. మనుషులున్న చోటికి బడి నడుచుకుంటూ వెళ్లిందన్నమాట. మన దగ్గర ఒక తెలుగు మీడియం సెక్షన్ మూతపడినప్పుడు దాని పుస్తకాలు, పటాలు, బీరువాలు ఎక్కడికి వెళ్తున్నాయో మనం అడగాలి. పక్క ఊళ్లో పిల్లలున్న సెక్షన్‌కు అవి చేరితే నష్టం సగం తగ్గుతుంది. తాళం వేసిన గదిలో చెదలకు వదిలితే ఎవరికీ దక్కవు.

తరగతిలో చేయించవచ్చు

ఏడు నుంచి పదో తరగతి పిల్లలతో ఒక వారం పనిగా దీన్ని చేయించవచ్చు. జీపు అక్కర్లేదు, నడక చాలు. ఊళ్లో మూతపడిన చోటు ఒకటి ఎంచుకోండి. మిల్లు, గని లైను, రేవు, సైడింగు, రైసుమిల్లు ఏదైనా సరే. లోపలికి వెళ్లనివ్వకండి, గోడ బయట నుంచే చూడమనండి. ఏదీ తీయవద్దని ముందే చెప్పండి. ప్రతి జట్టూ ఐదు ప్రశ్నలకు జవాబు రాయాలి.

ఇక్కడ ఏం తయారయ్యేది, ముడిసరుకు ఎక్కడి నుంచి వచ్చేది? నీళ్లు, కరెంటు ఎలా వచ్చాయి? పనిచేసినవాళ్లు ఏ ఊళ్ల నుంచి, ఏ భాష మాట్లాడుతూ వచ్చారు? ఎందుకు మూతపడింది? ఆ తర్వాత ఆ కుటుంబాలు ఏం చేశాయి?

మూడో ప్రశ్నకూ ఐదో ప్రశ్నకూ జవాబు పుస్తకాల్లో దొరకదు. వీధి అరుగు మీద కూర్చున్న తాతయ్యను, అంగన్‌వాడీ పక్కింటి అవ్వను అడగాలి. తెలుగులోనే అడగాలి, వాళ్ల మాట వాళ్లు అన్నట్టే రాసుకోవాలి. గనిలో, మిల్లులో వాడిన పనిముట్ల పేర్లు ఆ తరంతో పోతున్నాయి. తల్లిదండ్రులు కూడా ఒక సాయంత్రం పిల్లల వెంట వెళ్తే, తాతయ్య ఇంకాస్త ఎక్కువ చెబుతారు. తండ్రికి తెలియని సంగతులు కూడా అప్పుడు బయటికొస్తాయి. పిల్లలు రాసినవి కుట్టి, సంవత్సరం వేసి, బడి బీరువాలో పెట్టండి. వచ్చే ఏడాది పిల్లలు అక్కడి నుంచి మొదలుపెడతారు.